హైవే మీద హైబ్రిడ్ కారు మైలేజీ పెంచుకోవడం ఎలా

హైదరాబాదులో ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ వెళ్ళినా చక్కని మైలేజీ ఇచ్చిన హైబ్రిడ్ కారు, విజయవాడ హైవే ఎక్కి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో సాఫీగా సాగుతున్నప్పుడు అంతకంటే తక్కువ ఇస్తుంది. ఊళ్ళో తక్కువ, హైవే మీద ఎక్కువ అనే లెక్కకు అలవాటు పడినవారికి ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. బండిలో ఏదో లోపం ఉందనుకుని సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్ళేవారు కూడా ఉన్నారు. చాలా సందర్భాల్లో లోపమేమీ ఉండదు. హైబ్రిడ్ వ్యవస్థకు ఊళ్ళో దొరికే అవకాశాలు హైవే మీద దొరకవు, అంతే. అయితే ఏ అవకాశాలు దొరకవో, వాటి స్థానంలో మనం చేయగలిగేది ఏమిటో తెలిస్తే, హైవే మైలేజీని కూడా చెప్పుకోదగినంత పెంచుకోవచ్చు.

ఈ వ్యాసం స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్ల గురించి, అంటే పెట్రోలు ఇంజన్‌తోపాటు విద్యుత్ మోటారు కూడా ఉండి, కొంతదూరం ఆ మోటారుతోనే నడవగలిగే కార్ల గురించి. మన రోడ్ల మీద కనిపించేవాటిలో మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ ఈ:హెచ్ఈవీ ఈ కోవకు చెందినవి. గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్లకు కంపెనీలు ప్రకటించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు, హైక్రాస్‌కు 23.24 కిలోమీటర్లు. ఇవి నిర్ణీత పరిస్థితుల్లో, నిర్ణీత వేగాల్లో చేసిన పరీక్షల అంకెలు కాబట్టి రెండు బళ్ళను పోల్చడానికి పనికివస్తాయి గాని, వంద దాటిన వేగంలో మన బండి ఎంత ఇవ్వాలో చెప్పవు. స్మార్ట్ హైబ్రిడ్ పేరుతో వచ్చే చిన్న బ్యాటరీ కార్లలో మోటారు ఇంజన్‌కు కాస్త సాయం మాత్రమే చేస్తుంది. వేగం, టైర్లు, బరువు గురించి ఇక్కడ చెప్పేవి వాటికి వర్తిస్తాయి గాని మిగతావి అంతగా వర్తించవు.

పచ్చ లైటు వెంట పడవద్దు

అన్నిటికంటే ముందు వదులుకోవలసిన అలవాటు ఒకటి ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఈవీ అని పచ్చగా వెలిగినంతసేపూ పెట్రోలు మిగులుతోందని, అది ఆరిపోతే నష్టపోతున్నామని అనుకోవడం హైవే మీద పొరపాటు. గ్రాండ్ విటారా, హైరైడర్ కార్లలోని బ్యాటరీ సామర్థ్యం సుమారు 0.76 కిలోవాట్ అవర్ మాత్రమే (ఒక కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో ఒక యూనిట్). గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఆ మొత్తాన్నీ ఖర్చు చేసినా అయిదారు కిలోమీటర్లకు మించి వెళ్ళలేము. పైగా బ్యాటరీ ఎక్కువ కాలం మన్నడానికి దాన్ని పూర్తిగా నింపకుండా, పూర్తిగా ఖాళీ కానివ్వకుండా మధ్యలోని కొంత భాగాన్నే కంప్యూటర్ వాడుకుంటుంది.

ఈ కార్లను బయట ఛార్జింగ్ పెట్టే వీలు లేదు. బ్యాటరీలోకి చేరే విద్యుత్తు రెండు దారుల్లోనే వస్తుంది: బండి వేగం తగ్గేటప్పుడు చక్రాల నుంచి, లేదా నడుస్తున్న ఇంజన్ నుంచి. ఊళ్ళో మొదటి దారి ధారాళంగా ఉంటుంది, ఎందుకంటే నిమిషానికోసారి బ్రేకు వేస్తాం. హైవే మీద పది కిలోమీటర్లు బ్రేకు ముట్టుకోకుండా వెళ్ళినప్పుడు రెండో దారే మిగులుతుంది. అంటే పెట్రోలును మండించి, ఆ శక్తిని జనరేటర్‌తో విద్యుత్తుగా మార్చి, బ్యాటరీలో దాచి, మళ్ళీ బయటికి తీసి, మోటారు ద్వారా చక్రాలకు పంపాలి. ఈ ప్రతి మెట్టు దగ్గరా కొంత శక్తి వేడిగా పోతుంది. అదే శక్తిని ఇంజన్ నుంచి నేరుగా చక్రాలకు పంపితే ఈ నష్టాల్లో చాలావరకు తప్పుతాయి. ఈవీ లైటు వెలిగించడం కోసం యాక్సిలరేటర్‌ను పదేపదే వదలడం, ఆ తరువాత తగ్గిన వేగాన్ని, తగ్గిన ఛార్జినీ ఇంజన్‌తో పూడ్చడం మైలేజీకి మేలు చేయవు, వెనక వచ్చే లారీకి మాత్రం ఇబ్బంది కలిగిస్తాయి. ఎప్పుడు ఇంజన్ ఆపాలో, ఎప్పుడు నడపాలో కంప్యూటర్‌కు వదిలేయాలి. దానికి కావలసిన పరిస్థితులను కల్పించడమే మన పని.

ఆ పరిస్థితులు కారును బట్టి కొద్దిగా మారతాయి. టయోటా పద్ధతిలో ఒక ప్లానెటరీ గేర్ల అమరిక ఇంజన్ శక్తిని రెండుగా పంచి, కొంత నేరుగా చక్రాలకూ కొంత జనరేటర్‌కూ పంపుతుంది. మన కాలు నిలకడగా ఉంటే ఇంజన్ తనకు అనువైన చోట స్థిరపడుతుంది. హోండా సిటీలో తక్కువ వేగాల్లో ఇంజన్ జనరేటర్‌ను తిప్పితే, మోటారు చక్రాలను తిప్పుతుంది. హైవే వేగం అందుకున్నాక ఒక క్లచ్ పట్టుకుని ఇంజన్‌ను నేరుగా చక్రాలకు కలుపుతుంది. గట్టిగా తొక్కితే ఆ క్లచ్ వదిలేసి బండి మళ్ళీ పాత పద్ధతికి వెళుతుంది. కాబట్టి రెండు రకాల కార్లూ మన నుంచి కోరుకునేది నిలకడనే.

వేగం: అసలు లెక్క ఇక్కడే ఉంది

మిగతా జాగ్రత్తలన్నీ కలిపినా ఈ ఒక్కదానికి సాటిరావని నా అభిప్రాయం. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగం నుంచి 110కి వెళితే వేగం పెరిగేది అయిదో వంతు కంటే కాస్త ఎక్కువ, గాలి నిరోధం పెరిగేది దాదాపు సగం. అంటే 90లో వంద పాళ్ళు ఉన్న నిరోధం 110లో 149 పాళ్ళవుతుంది, 120లో 178 పాళ్ళవుతుంది. నిటారు ముక్కు, ఎత్తైన ఒళ్ళు ఉన్న ఎస్‌యూవీలకు ఈ భారం సెడాన్ల కంటే ఎక్కువగా పడుతుంది. అందుకే 95 దాటాక గ్రాండ్ విటారా నడిపేవారికి తగిలినంత దెబ్బ సిటీ నడిపేవారికి తగలదు.

ఇందుకు బదులుగా మిగిలే సమయం ఎంతో కూడా చూడాలి. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. దారంతా 110లో వెళ్ళగలిగితే రెండున్నర గంటలలోపు, 90లో వెళితే మూడు గంటలు, అంటే కాగితం మీద తేడా ముప్పై మూడు నిమిషాలు. నిజానికి దారంతా 110లో వెళ్ళడం ఎవరికీ సాధ్యం కాదు. చౌటుప్పల్ దగ్గర రద్దీ, జంక్షన్ల దగ్గర రోడ్డు దాటే బైకులు, మూడు టోల్ ప్లాజాలు, సూర్యాపేట దగ్గర టిఫిను కలిపి ఆ తేడాను ఇంకా తగ్గిస్తాయి. మధ్యేమార్గంగా 85 నుంచి 95 మధ్య ఒక వేగాన్ని ఎంచుకుని దానిని పట్టుకుని ఉండడం ఎక్కువమందికి సరిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 వరకు అనుమతి ఉంది గనక 120లోనే వెళ్ళాలన్న నియమం ఏమీ లేదు. అయితే నెమ్మదిగా వెళ్ళదలిచినవారు కుడివైపు లేన్లను వేగంగా వెళ్ళేవారికి వదిలి, తమ వేగానికి తగిన లేన్‌లో ఉండాలి.

గాలి నిరోధానికి లెక్కలోకి వచ్చేది స్పీడోమీటర్ చూపే వేగం కాదు, గాలితో పోల్చినప్పటి వేగం. తీరం వెంబడి సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తుంటే, 90లో వెళ్ళే బండి గాలికి సంబంధించినంతవరకు 110లో వెళుతున్నట్టే. అలాంటి రోజున పది కిలోమీటర్ల వేగం తగ్గించుకోవడం వలన మామూలు రోజుకంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

లారీ వెనక దగ్గరగా నడిపితే గాలి తగలదని, మైలేజీ పెరుగుతుందని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయవద్దు. బ్రేకు లైట్లు వెలగని లారీలు, చెప్పాపెట్టకుండా లేన్ మారే ట్రాక్టర్లు తిరిగే రోడ్లు మనవి. ముందున్న బండికి కనీసం మూడు సెకన్ల దూరం ఉండాలి, వానలో అంతకు మించి ఉండాలి. ఆ దూరం ఉంటే ముందు బండి కొంచెం నెమ్మదించినప్పుడల్లా బ్రేకు వేయవలసిన అవసరం కూడా తప్పుతుంది కాబట్టి భద్రతతోపాటు మైలేజీ కూడా దక్కుతుంది.

కాలు, ఎత్తుపల్లాలు, క్రూయిజ్ కంట్రోల్

హైవే ఎక్కేటప్పుడు మరీ నెమ్మదిగా, కోడిగుడ్డు మీద కాలు పెట్టినట్టు వేగం పెంచనక్కరలేదు. ఈ కార్లలో వాడే అట్కిన్‌సన్ పద్ధతి ఇంజన్లు (బలం కంటే పొదుపుకు ప్రాధాన్యమిచ్చే రకం) మరీ తేలికగా కాక, మధ్యస్థమైన శ్రమతో పనిచేస్తున్నప్పుడు పొదుపుగా ఉంటాయి. మీటరులో ఛార్జ్, ఈకో, పవర్ అని మూడు భాగాలు ఉన్న కార్లలో సూది ఈకో భాగం పైఅంచు దగ్గర ఉండేలా తొక్కి, కోరుకున్న వేగం రాగానే కాలిని కొద్దిగా సడలించి అక్కడే నిలపాలి. ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం పొదుపు సంగతి మరచిపోయి, అవసరమైనంత గట్టిగా తొక్కి త్వరగా ముగించాలి. ఎదురుగా బండి వచ్చే రెండు లేన్ల రోడ్డు మీద ఇది మరీ ముఖ్యం.

క్రూయిజ్ కంట్రోల్ సమతలమైన, ఖాళీ రోడ్డు మీద మంచి సహాయకారి. కాలికి తెలియకుండానే పెరిగిపోయే వేగాన్ని అది అదుపులో ఉంచుతుంది. కాని ఎత్తుపల్లాలు ఉన్నచోట అది పెట్టిన అంకెను నిలబెట్టడానికే చూస్తుంది, అంచేత ప్రతి ఎత్తుకూ ఇంజన్‌ను గట్టిగా పనిచేయిస్తుంది. అలాంటిచోట కాలితో నడపడం మేలు. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం అయిదారు కిలోమీటర్లు తగ్గితే తగ్గనిచ్చి, దిగేటప్పుడు దానంతట అదే తిరిగి వచ్చేలా చూసుకోవాలి. ముందు బండిని బట్టి వేగం మార్చే అడాప్టివ్ క్రూయిజ్ ఉన్న కార్లలో దూరాన్ని ఎక్కువకు పెట్టుకోవాలి. తక్కువకు పెడితే లారీల వెనక బ్రేకు, యాక్సిలరేటర్ ఒకదాని వెంట ఒకటి పడుతూనే ఉంటాయి.

పల్లంలో గేరు న్యూట్రల్‌లోకి వేసి దొర్లించే పాత అలవాటు హైబ్రిడ్‌లో రెండు విధాల నష్టం. న్యూట్రల్‌లో బ్యాటరీకి ఛార్జింగ్ జరగదు, బండి మీద పట్టూ తగ్గుతుంది. డి లోనే ఉంచి కాలు తీస్తే చాలు, ఇంజన్ ఆపడమో నడపడమో బండి చూసుకుంటుంది.

టోల్ గేటు దగ్గర దొరికే శక్తి

నగరాల మధ్య ప్రయాణంలో బ్యాటరీకి ఉచితంగా శక్తి దొరికే చోట్లు కొన్నే: టోల్ ప్లాజాలు, స్పీడ్ బ్రేకర్లు, ఊళ్ళ దగ్గరి జంక్షన్లు. వీటిని వృథా చేయకూడదు. మనుషులతో కలిపి 1,600 కిలోల బరువున్న కారు వంద కిలోమీటర్ల వేగంతో వెళుతున్నప్పుడు దాని చలనంలో ఉన్న శక్తి సుమారు 0.17 కిలోవాట్ అవర్. మారుతి, టయోటా చిన్న ఎస్‌యూవీల బ్యాటరీ మొత్తం సామర్థ్యంలో ఇది అయిదో వంతుకు మించినది. అందులో ఎంత తిరిగి దక్కుతుందనేది మనం ఎలా ఆగుతామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. బ్యాటరీ ఒక్కసారిగా తీసుకోగలిగే శక్తికి ఒక హద్దు ఉంది. ఆలస్యంగా, గట్టిగా బ్రేకు వేస్తే ఆ హద్దు దాటిన భాగమంతా బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడిగా మారిపోతుంది.

విజయవాడ దారిలోని పంతంగి టోల్ ప్లాజా సూచిక బోర్డు కనబడగానే చేయవలసినది ఇది. అద్దంలో వెనక చూసుకుని, అర కిలోమీటరు ముందే యాక్సిలరేటర్ వదలాలి. బండి తనంతట తాను నెమ్మదిస్తుంటే సూది ఛార్జ్ భాగంలోకి దిగుతుంది. తరువాత బ్రేకు మీద తేలికగా కాలు ఆనించి, సూది ఛార్జ్ భాగం చివరి గీతను తాకకుండా ఉండేటంత ఒత్తిడినే కొనసాగించాలి. గేటు దగ్గరికి వచ్చేసరికి బండి నడక వేగానికి చేరాలి, ఫాస్టాగ్ చదవగానే ఆగకుండా ముందుకు సాగాలి. ఆ పోగైన ఛార్జితో గేటు దాటాక మొదటి కొన్ని వందల మీటర్లు మోటారే లాగుతుంది. ఈ పని కుదురుగా చేసేవారికీ గేటు దాకా వేగంగా వచ్చి గభాలున ఆగేవారికీ మధ్య తేడా ఒక్క గేటు దగ్గర స్వల్పమే. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, వాటి మధ్య వచ్చే ప్రతి జంక్షన్ లెక్క వేస్తే అది కనబడే తేడా అవుతుంది.

ఘాట్ రోడ్లలో ఈ లెక్క తారుమారవుతుంది. తిరుమల నుంచి తిరుపతికి దిగేటప్పుడు మనం దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు. అదే 1,600 కిలోల కారుకు ఆ ఎత్తులో ఉన్న శక్తి దాదాపు మూడు కిలోవాట్ అవర్లు, అంటే బ్యాటరీ పట్టేదానికి సుమారు నాలుగు రెట్లు. గాలికి, టైర్లకు పోయింది పోగా మిగిలినది కూడా బ్యాటరీ పట్టలేదు. దారి మధ్యలోనే ఛార్జి నిండిపోతుంది, ఆ తరువాత మోటారు పట్టు తగ్గి భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. అందుచేత గేరులో బి స్థానం ఉన్న కార్లలో దిగుడు మొదలైన కాసేపటికే, బ్యాటరీ నిండకముందే, దాన్ని ఎంచుకోవాలి. అప్పుడు ఇంజన్ తిరుగుతూ బండిని నిలువరిస్తుంది, బ్రేకులు కాలిపోవు. ఇంజన్ శబ్దం పెరిగిందని కంగారుపడనక్కరలేదు. కిందికి చేరి సమతలం రాగానే మళ్ళీ డి కి మార్చాలి, ఎందుకంటే మామూలు రోడ్డు మీద బి లో నడిపితే మైలేజీ తగ్గుతుంది.

టైర్లు, బరువు, ఏసీ

టైర్ల గాలిని ప్రయాణానికి ముందు ఉదయమే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన స్టిక్కర్ మీద ఎంత ఉండాలో, నిండు బరువుకు ఎంత ఉండాలో రాసి ఉంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు మారితే గాలి పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది గనక, ఎండలో వంద కిలోమీటర్లు నడిపి బంకులో చూస్తే అంకె ఎక్కువగా కనబడుతుంది. దాన్ని చూసి గాలి తీయించేస్తే మరునాటి ఉదయానికి టైర్లు మెత్తబడి ఉంటాయి. నైట్రోజన్ నింపించినా, మామూలు గాలి నింపించినా మైలేజీలో తేడా ఉండదు, సరైన పీడనమే ముఖ్యం. టైర్లు మార్చే సమయం వచ్చినప్పుడు కంపెనీ అమర్చినవాటికంటే వెడల్పైనవి వేయించుకోవడం హైబ్రిడ్ యజమాని చేసే ఖరీదైన పొరపాట్లలో ఒకటని నా అభిప్రాయం. చూపుకు బాగుంటాయి గాని రోడ్డు రాపిడిని, గాలి నిరోధాన్ని రెంటినీ పెంచుతాయి. బండి ఒక పక్కకు లాగుతుంటే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

పైన క్యారియర్ వాడకంలో లేనప్పుడు విప్పి ఇంట్లో పెట్టాలి. సంక్రాంతికి ఊరు వెళ్ళేటప్పుడు సామాను పైకి ఎక్కించడం కంటే డిక్కీలో సర్దడానికే చూడాలి. హైవే వేగంలో డిక్కీలో ఉన్న బరువు కంటే నెత్తిన ఉన్న పెట్టె చేసే నష్టం ఎక్కువ.

హైవే మీద అద్దాలు దించడం కంటే ఏసీ వేసుకోవడమే మంచిది. ఈ కార్లలో ఏసీ కంప్రెసర్ విద్యుత్తుతో నడుస్తుంది గనక ఎండలో నిలబెట్టిన బండిని ఒక్కసారిగా చల్లబరచాలంటే బ్యాటరీ మీద భారం పడుతుంది. ముందు తలుపులు ఒక నిమిషం తెరిచి వేడిగాలిని బయటికి పంపి, ఆపైన ఏసీని 25 డిగ్రీల దగ్గర పెట్టి లోపలి గాలే తిరిగేలా చేయాలి. దూర ప్రయాణంలో మాత్రం అప్పుడప్పుడూ బయటి గాలి రానివ్వాలి, లేకుంటే మత్తు ఆవరిస్తుంది. బ్యాటరీని చల్లబరిచే గాలి కోసం చాలా హైబ్రిడ్లలో సీటు పక్కనో కిందనో ఒక రంధ్రాల పలక ఉంటుంది. దానికి అడ్డంగా దుప్పట్లు, సంచులు పెడితే బ్యాటరీ వేడెక్కి, దాన్ని కాపాడడానికి కంప్యూటర్ ఛార్జింగ్‌ను తగ్గిస్తుంది. ఆ పలక వెనక ఫిల్టర్ ఉన్న కార్లలో సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ దాన్ని శుభ్రం చేయమని అడగాలి. ఇంజన్ ఆయిల్ విషయంలో మాన్యువల్‌లో చెప్పిన పలుచని రకమే పోయించాలి, చిక్కని ఆయిల్ మంచిదన్న మెకానిక్ సలహాను మర్యాదగా కాదనాలి.

కొలత సరిగ్గా లేకపోతే మార్పు తెలియదు

డ్యాష్‌బోర్డు చూపే సగటు అంచనా మాత్రమే. నమ్మదగిన కొలత ట్యాంకు నుంచి ట్యాంకుకు చూసుకునేదే. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, మొదటి ఆటో కట్ వరకు, అంటే పంపు దానంతట అదే ఆగేవరకు, నింపించి ట్రిప్ మీటరు సున్నా చేయాలి. తరువాతిసారి కూడా మొదటి ఆటో కట్ దగ్గరే ఆపించి, నడిచిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించాలి. గుండ్రని అంకె కోసం ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పోయిస్తే లెక్క చెడుతుంది.

హైదరాబాదు–విజయవాడ దారిలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రెండు నగరాల ఎత్తులో సుమారు 500 మీటర్ల తేడా ఉంది. కృష్ణా తీరానికి వెళ్ళేటప్పుడు మొత్తం మీద దిగుతాం, వచ్చేటప్పుడు ఎక్కుతాం. 1,600 కిలోల బరువును 500 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తిని పెట్రోలులోకి మార్చి చూస్తే, ఇంజన్ సామర్థ్యాన్ని కూడా కలుపుకుని, ముప్పావు లీటరుకు కాస్త తక్కువ అవుతుంది. సమతలం మీద లీటరుకు 20 ఇచ్చే బండి, అదే డ్రైవర్ చేతిలో, అదే వేగంలో వెళ్ళేటప్పుడు 21, వచ్చేటప్పుడు 19 ఇస్తే ఆశ్చర్యం లేదు. వెళ్ళిన అంకెను చూసి సంబరపడకుండా, వచ్చిన అంకెను చూసి బండిని అనుమానించకుండా, రానుపోను రెండూ కలిపి లెక్క వేయాలి.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలులో అయిదో వంతు ఇథనాల్, ఆ ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో ఉండే శక్తిలో మూడింట రెండు వంతులే. ఈ20కి తగినట్టు తయారైన కార్లలో మైలేజీ తగ్గుదల ఒకటి రెండు శాతమని, ఈ10కి సరిచేసిన పాత కార్లలో ఆరేడు శాతం వరకు ఉండవచ్చని నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన ఇథనాల్ నివేదిక అంచనా వేసింది. కాబట్టి రెండు మూడేళ్ళ కిందటి అంకెతో నేటి అంకెను పోల్చేటప్పుడు ఈ తేడాను తీసివేసి చూడాలి. ఆ తరువాత కూడా, ఒకే దారిలో, ఒకే వేగంలో, ఒకే బరువుతో రానుపోను కొలిచిన అంకె వరుసగా పడిపోతూ ఉంటే, అప్పుడు టైర్ల గాలి, అలైన్‌మెంట్, పట్టేసిన బ్రేకు, బ్యాటరీ గాలి ఫిల్టర్ వరుసగా చూపించుకోవాలి.